వెలుగును పొర మీద రాసిన వలసజీవి డెన్నిస్ గాబర్



ఏటా నవంబరు వచ్చిందంటే మాలాంటి పింఛనుదారులందరం ఇంకా బతికే ఉన్నామని రుజువు చూపించుకోవాలి. పోయినేడు కూడా నేను వెళ్లి వరుసలో నిలబడ్డాను. చిన్న గాజు బిళ్ల మీద బొటనవేలు పెట్టమన్నారు. నాలుగుసార్లు పెట్టినా యంత్రం ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి ఫైళ్లు తిప్పిన వేలు కదా, గీతలు అరిగిపోయాయని అక్కడి కుర్రాడు నవ్వాడు. చివరికి చూపుడువేలు నా పరువు కాపాడింది.

ఇంటికొచ్చాక ఆ గాజు బిళ్ల కింద ఏం జరుగుతుందో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేశాను. ఒకదాని వెంట ఒకటి చదువుతూ పోతే గాజు అంచున అంటిపెట్టుకుని పాకే వెలుగు అలల గురించి తెలిసింది. ఆ అలలతో పలుచని ప్లాస్టిక్ పొరల్లో హోలోగ్రాములు రాస్తారని తెలిసింది. అసలు హోలోగ్రాము అనేదాన్ని కనిపెట్టినవాడు డెన్నిస్ గాబర్ అనే హంగరీ దేశస్థుడని, తన బతుకులో ఎక్కువ భాగం పరాయి నేల మీదే గడిపాడని తెలిసింది. ఊరు మారి, భాష మారి, పేరు వరుస కూడా మారిన మనిషి. ఆయన కథ మన ప్రవాసాంధ్ర కుటుంబాలకు తెలిసి ఉండాలనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా పేరు సంగతి. హంగరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాసి, పెట్టిన పేరు తరువాత రాస్తారు. యూరప్‌లో ఇది అరుదైన అలవాటు. చుట్టూ ఉన్న జర్మను, స్లావు భాషలతో వాళ్ల భాషకు చుట్టరికం కూడా లేదు. స్వదేశంలో ఆయన గాబోర్ దేనెష్. గాబోర్ ఇంటిపేరు. ఇంగ్లండు చేరేసరికి ఆ వరుస తిరగబడి డెన్నిస్ గాబర్ అయింది. ఇది మనకు కొత్త కాదు. తమిళనాడులో మనవాళ్ల ఇంటిపేరు జారిపోయి తండ్రిపేరు మొదటి అక్షరం మిగులుతుంది. ఒడిశాలో ఇంటిపేరు చివరకు పోతుంది. ఒకే ఇంట్లో అన్నదమ్ములకు మూడు రకాల కార్డులు ఉండటం మనం చూస్తూనే ఉన్నాం.

గాబర్ విషయంలో ఆ ఇంటిపేరు కూడా మొదటిది కాదు. 1900 జూన్ 5న బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టినప్పుడు వాళ్లింటి పేరు గూన్స్‌బెర్గ్. ఆ రోజుల్లో అక్కడ చాలా యూదు కుటుంబాలు స్థానికుల్లో కలిసిపోవడానికి హంగరీ పేర్లు పెట్టుకున్నాయి. 1902లో వీళ్లూ గాబోర్ అయ్యారు. 1918లో మతం మారి క్రైస్తవంలో లూథరన్ శాఖలో చేరారు. ఇన్ని చేసినా తరువాతి రోజుల్లో ఆ కుటుంబాన్ని ఎవరు ఏ లెక్కలో రాశారో ముందు ముందు చూస్తాం.

తండ్రి బొగ్గు గనుల కంపెనీలో పెద్ద హోదాలో ఉండేవాడు. ఇంట్లో పుస్తకాలకు కొదవ లేదు. దేనెష్‌కు పదిహేనో ఏట భౌతికశాస్త్రం మీద మనసు పడింది. తమ్ముడు జార్జితో కలిసి ఇంట్లోనే చిన్న ప్రయోగశాల పెట్టాడు. అప్పటికి కొత్తవైన ఎక్స్‌రేలు, వైర్‌లెస్, రేడియోధార్మికత ప్రయోగాలు ఆ పిల్లలిద్దరూ ఇంట్లోనే చేసి చూసుకునేవారు. ఆ వయసులోనే అతన్ని కట్టిపడేసినవి రెండు. ఒకటి, సూక్ష్మదర్శినిలో బొమ్మ ఎలా ఏర్పడుతుందో జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ ఆబ్బె చెప్పిన సిద్ధాంతం. రెండు, ఫ్రాన్సులో గాబ్రియెల్ లిప్మన్ రంగుల ఫొటో తీసిన పద్ధతి. లిప్మన్ రంగులు పూయలేదు. పలుచని పొర లోపల వెలుగు అలలు ఎదురెదురుగా కలిసి వేసే చారల్నే ముద్రించి, వాటి నుంచే రంగు రప్పించాడు. 1908లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. పదిహేనేళ్ల కుర్రాడి మనసులో పడిన ఈ రెండు విత్తనాలు మొలకెత్తడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో ఫిరంగి దళంలో చేరి ఉత్తర ఇటలీకి వెళ్లాడు. తిరిగొచ్చి బుడాపెస్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదువు మొదలుపెట్టాడు. భౌతికశాస్త్రం ఇష్టమే కానీ ఆ దేశంలో ఆ చదువుకు ఉన్న ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కూడు పెట్టే చదువు ఒకటి, మనసుకు నచ్చిన చదువు ఒకటి కావడం మన ఇళ్లలోనూ ఉన్నదే. యుద్ధం తరువాత హంగరీలో పరిస్థితులు చెడ్డాయి. విశ్వవిద్యాలయాల్లో యూదు విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టే చట్టం 1920లో వచ్చింది. ఆ రోజుల్లోనే గాబర్ బెర్లిన్ చేరాడు.

బెర్లిన్‌లో పేరు నమోదైంది సాంకేతిక కళాశాలలో. వీలు దొరికినప్పుడల్లా వెళ్లి కూర్చున్నది మాత్రం ఐన్‌స్టీన్, ప్లాంక్, ఫాన్ లావె ఉన్న విశ్వవిద్యాలయంలో. 1924లో డిప్లొమా, 1927లో డాక్టరేటు వచ్చాయి. డాక్టరేటు పనిలో భాగంగా ఇనుప తొడుగులో తీగచుట్ట పెట్టి ఎలక్ట్రాన్ల ధారను ఒకచోటికి చేర్చే పరికరం తయారుచేశాడు. తాను చేసింది ఎలక్ట్రాన్లకు పనికొచ్చే భూతద్దమని అప్పుడు ఆయనకే తట్టలేదు. మరి కొద్ది రోజుల్లో మిత్రుడు లియో జిలార్డ్ ఎలక్ట్రాన్లతో సూక్ష్మదర్శిని ఎందుకు కట్టకూడదని అడిగాడు. ఆ ధార కింద ఏ వస్తువు పెట్టినా కాలి బూడిదవుతుందని గాబర్ ఆ మాట పక్కన పెట్టేశాడు. 1931లో అదే బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా, తన గురువు మాక్స్ నోల్‌తో కలిసి ఆ సూక్ష్మదర్శిని కట్టి చూపించాడు. చేతిలో ఉన్న పరికరం, చెవిలో పడిన సలహా, రెండూ ఉండి కూడా అవకాశం చేజారిపోయింది. ఆ లోటు గాబర్‌ను చాలా ఏళ్లు వదల్లేదు.

1927లో సీమెన్స్ కంపెనీలో చేరి పాదరసం ఆవిరితో వెలిగే గట్టి దీపం కనిపెట్టాడు. నిజానికి కాడ్మియం దీపం కోసం మొదలుపెట్టిన పని అది. అనుకున్నది కుదరలేదు, అనుకోనిది కుదిరింది. ఆ రకం దీపాలు తరువాత ఎన్నో ఊళ్లలో వీధులకు వెలుగిచ్చాయి.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ముప్పై ఏళ్ల కిందట మార్చుకున్న పేరు, పదిహేనేళ్ల కిందట మార్చుకున్న మతం ఏవీ అడ్డం రాలేదు. పుట్టుక చూసే లెక్కలో గాబర్ యూదుడే. జర్మనీ వదిలి కొంతకాలం హంగరీలో తుంగ్‌స్రామ్ దీపాల కంపెనీలో పనిచేసి, 1934లో ఇంగ్లండు చేరాడు. అక్కడ ఆర్థిక మాంద్యం నడుస్తోంది. ఊళ్లోవాళ్లకే పనుల్లేని రోజులు, పరాయివాడికి ఎవరిస్తారు? రగ్బీ అనే ఊళ్లో బ్రిటిష్ థామ్సన్ హూస్టన్ కంపెనీవాళ్లు కొత్తవి కనిపెట్టి ఇచ్చే ఒప్పందం మీద తీసుకున్నారు. 1936లో మార్జరీ బట్లర్‌ను పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకు పిల్లలు లేరు.

రెండో ప్రపంచ యుద్ధంలో హంగరీ శత్రుపక్షాన చేరడంతో గాబర్ కాగితాల మీద శత్రుదేశస్థుడయ్యాడు. కంపెనీలో రహస్యమైన యుద్ధపనులు జరిగే కంచె లోపలికి ఆయనకు ప్రవేశం లేదు. కంచె బయట ఒక గుడిసెలాంటి గదిలో ఆయన పని సాగింది. హిట్లర్‌ను తప్పించుకుని వచ్చినవాడిని హిట్లర్ పక్షమని అనుమానించడం వినడానికి వింతగా ఉంటుంది. కాగితం మనిషిని చూడదు, పుట్టిన చోటును చూస్తుంది. గుమాస్తాగా నేను ఎన్నో దరఖాస్తులను అలాగే చూశాను కనుక ఈ మాట కొంచెం సిగ్గుతోనే రాస్తున్నాను. 1946లో ఆయనకు బ్రిటిష్ పౌరసత్వం వచ్చింది.

అసలు కథ 1947 ఈస్టర్ పండుగనాడు మొదలైంది. టెన్నిస్ ఆటకు తమ వంతు కోసం బెంచీ మీద కూర్చుని ఉండగా గాబర్‌కు ఆలోచన తట్టిందని చెబుతారు. అప్పటికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఎంతో ఎదిగింది కానీ ఒక గోడ దగ్గర ఆగిపోయింది. దాని భూతద్దాల్లోని దోషం వల్ల పరమాణువులు కనబడేంత స్పష్టత రావడం లేదు. దోషం లేని భూతద్దం చేయలేకపోతే, దోషమున్న బొమ్మలోనే పూర్తి సమాచారం రాసిపెట్టుకుని తరువాత వెలుగుతో సరిదిద్దుకోకూడదా? ఇదీ ఆయన ప్రశ్న.

పూర్తి సమాచారం అంటే ఏమిటో చెరువు ఉదాహరణతో చెబుతాను. చెరువులో రాయి వేస్తే అలలు వస్తాయి. ఒడ్డున ఒకచోట నిలబడి అల ఎంత ఎత్తు లేచిందో రాసుకోవచ్చు. అది ఏ క్షణాన లేచింది, ఏ క్షణాన పడింది అనేది కూడా రాసుకుంటేనే రాయి ఎక్కడ పడిందో చెప్పగలం. మామూలు ఫొటో వెలుగు అల ఎంత బలంగా తగిలిందో మాత్రమే రాస్తుంది. లేచిపడే వరుసను వదిలేస్తుంది. అందుకే ఫొటోలో లోతు ఉండదు, తల పక్కకు తిప్పి వెనకున్నది చూడలేం.

గాబర్ ఉపాయం ఇది. వస్తువు మీద పడి వచ్చే వెలుగుతో పాటు, ఏ వస్తువూ తగలని తిన్నని వెలుగును కూడా అదే ఫలకం మీద పడనివ్వాలి. రెండు అలలూ కలిసిన చోట కొన్ని జాగాల్లో బలం పెరుగుతుంది, కొన్ని జాగాల్లో తగ్గుతుంది. సన్నని చారలు పడతాయి. ఆ చారల్లోనే అల వరుస దాగి ఉంటుంది. తరువాత వస్తువు లేకపోయినా ఆ ఫలకం మీద తిన్నని వెలుగు వేస్తే, చారలు దాన్ని వంచి వస్తువు నుంచి వచ్చిన అలనే మళ్లీ పుట్టిస్తాయి. గ్రీకు భాషలో హోలోస్ అంటే పూర్తి, గ్రామ్మా అంటే రాత. ఆ రెండూ కలిపి దానికి హోలోగ్రాము అని పేరు పెట్టాడు.

ప్రయోగానికి దొరికిన వెలుగు పాదరసపు దీపమే. దాని అలలు ఒక మిల్లీమీటరులో పదో వంతు దూరం వరకే క్రమం తప్పకుండా నడుస్తాయి. కనుక పెద్ద వస్తువు పెట్టే వీలు లేదు. హైగెన్స్, యంగ్, ఫ్రెనెల్ అనే వెలుగు శాస్త్రవేత్తల పేర్లు రాసిన చాలా చిన్న పారదర్శకపు బిళ్లను పెట్టి హోలోగ్రాము తీశాడు. తిరిగి వెలుగు వేస్తే ఆ పేర్లు చదవడానికి వచ్చాయి. తనకంటే ముందువాళ్లకు ఆయన అలా దండం పెట్టుకున్నాడని నాకు అనిపించింది. 1948 మే 15న నేచర్ పత్రికలో ఈ పని అచ్చయింది.

ఆ తరువాత జరిగింది మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఫైలు మూలన పడింది. అసలు బొమ్మ వెనకే దాని జంటబొమ్మ ఒకటి అడ్డుపడి మసకబారేది. ఎలక్ట్రాన్లతో చేసిన ప్రయత్నాలు కంపనాల వల్ల, సరిపడా క్రమం గల ధార లేకపోవడం వల్ల ఫలించలేదు. 1950ల మధ్యకు వచ్చేసరికి దీని ఊసెత్తేవాళ్లు చాలా తగ్గిపోయారు. గాబర్ 1949లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో చేరి, 1958లో ప్రొఫెసరు అయ్యాడు. 1956లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. పలుచని టెలివిజన్ గొట్టం, సమాచార సిద్ధాంతం ఇలా ఎన్నో పనులు చేశాడు. హోలోగ్రాము మాత్రం సరైన వెలుగు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

ఆ వెలుగు 1960లో వచ్చింది. దాని పేరు లేజర్. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెట్ లీత్, యూరిస్ ఉపాట్నీక్స్ అనే ఇద్దరు తిన్నని కిరణాన్ని పక్క నుంచి ఏటవాలుగా పంపి జంటబొమ్మ బాధ తప్పించారు. 1964లో వాళ్లు చూపించిన బొమ్మ రైలు హోలోగ్రాము చూసి శాస్త్రజ్ఞులే వెనక్కి తొంగిచూశారు. సోవియట్ రష్యాలో యూరీ డెనిస్యుక్ మరో దారిన, లిప్మన్ పొరల పద్ధతినే కలుపుకుని, మామూలు వెలుగులో కూడా కనిపించే హోలోగ్రాములు చేశాడు. గాబర్ పదిహేనో ఏట మురిసిపోయిన లిప్మన్ ఇలా మళ్లీ వచ్చి కథలో కలిశాడు. 1971లో గాబర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. వ్యాసం అచ్చయిన 23 ఏళ్లకు, ఆయన 71వ ఏట, ఉద్యోగ విరమణ కూడా అయిపోయాక.

ఇక నా వేలిముద్ర దగ్గరికి వస్తాను. గాజు లోపల నుంచి వెలుగు ఏటవాలుగా అంచుకు తగిలితే, ఒక కోణం దాటాక బయటకు రాకుండా పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. మామూలు గాజుకు ఆ కోణం సుమారు 42 డిగ్రీలు. పూర్తిగా తిరిగిందంటాం కానీ, అంచు అవతల కూడా వెలుగు కాస్త అంటిపెట్టుకుని అంచు వెంబడే పాకుతుంది. గడప దాటీ దాటనట్టు. వెంట్రుక మందంలో కొన్ని వందల వంతుల్లో ఒక వంతు దూరం పోయేసరికి అది ఆరిపోతుంది. అంత దగ్గరగా ఏదైనా తగిలితేనే ఆ వెలుగు అందులోకి దూకుతుంది. రెండు గాజులు దాదాపు తాకేలా ఉంటే వెలుగు ఇలా దాటుతుందని న్యూటన్ గమనించాడు. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ 1890ల్లోనే విద్యుత్ తరంగాలతో, మధ్యనున్న గాలి సందు ఎంత మందం ఉంటే అవి దాటలేవో కొలిచాడు. వేలిముద్ర యంత్రాల్లో చాలా వాటిలో పని ఇదే. వేలి గీతల గట్లు గాజును తాకిన చోట వెలుగు దాటిపోయి నల్లగా కనబడుతుంది, లోయల దగ్గర తిరిగొచ్చి తెల్లగా కనబడుతుంది. నా బొటనవేలికి గట్లే అరిగిపోయాయి.

1960ల చివర్లో, గాబర్ బతికుండగానే, స్టెట్సన్, నాసెన్‌స్టైన్, బ్రింగ్‌డాల్ అనే శాస్త్రవేత్తలు ఈ పాకే వెలుగుతో హోలోగ్రాములు తీయవచ్చని చూపారు. పద్ధతి ఇలా ఉంటుంది. బరువైన గాజు పట్టకం ముఖం మీద పలుచని పాలిమర్ పొర అంటిస్తారు. గాజు వెలుగును వంచే శక్తి పొరకంటే ఎక్కువ ఉండాలి. పట్టకం లోపల నుంచి లేజరును ఆ కోణం దాటించి పంపితే, కిరణం వెనక్కి తిరిగినా దాని అంచు అల పొర అడుగున పాకుతుంది. రెండో కిరణం దానితో కలిస్తే గాజుకు ఆనుకున్న ఆ కాస్త మందంలోనే చారలు పడతాయి. మామూలు పద్ధతిలో పడేవాటికంటే సన్నని చారలు కూడా ఇలా రాయవచ్చు. పాలిమర్‌లో రంగు అణువులు వెలుగుకు తగ్గట్టు తిరిగి నిలబడే రకం ఉంది. వెలుగు పడిన చోట చిన్న అణువులు గొలుసులుగా అల్లుకునే రకం కూడా ఉంది. వెండి లవణాల ఫలకంలాగా మందు నీళ్లలో కడిగే పని వీటికి ఉండదు. అంచు దగ్గర జరిగే చిన్న మార్పును పసిగట్టే పరికరాలకు ఈ విద్య అక్కరకొస్తుంది.

దీన్ని ఇంట్లో పిల్లలకు చూపించవచ్చు. గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి, తడి వేళ్లతో గట్టిగా పట్టుకుని, పై నుంచి నీళ్లలోగుండా గ్లాసు పక్కగోడను చూడమనండి. గోడ వెండిలా మెరుస్తూ, వేళ్లు తాకిన చోట మాత్రం గీతలు విడివిడిగా కనిపిస్తాయి. వెలుగు గడప దాటిన చోట్లు అవి.

గాబర్ చివరి రోజులు కష్టంగా గడిచాయి. 1974లో మెదడులో రక్తస్రావమై చదవడం, రాయడం పోయాయి. భవిష్యత్తును ఊహించడం కన్నా మనమే దాన్ని నిర్మించుకోవాలని 1963లోనే పుస్తకం రాసిన మనిషి ఒక వాక్యం రాయలేని స్థితికి వచ్చాడు. 1979 ఫిబ్రవరి 9న లండన్‌లో కన్నుమూశాడు. ఆ తరువాత 1980ల్లో బ్యాంకు కార్డుల మీద, ఆపై ఎన్నో సరుకుల మీద మెరిసే హోలోగ్రాము బిళ్లలు వచ్చాయి. నకిలీ ఏదో, అసలు ఏదో తేల్చే గుర్తు అయింది ఆయన రాత. ఏ దేశం కాగితాలూ తనను చాలాకాలం అసలువాడిగా ఒప్పుకోని మనిషి కనిపెట్టింది అది.

హంగరీ ఆయన్ను మరచిపోలేదు. 1964లోనే అక్కడి శాస్త్ర అకాడమీ గౌరవ సభ్యత్వం ఇచ్చింది. ఇవాళ అక్కడ ఆయన పేరిట ఉన్న బహుమతి మీద పేరు గాబోర్ దేనెష్ అనే ఉంటుంది, ఇంటిపేరు ముందు.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఫొటోను చింపితే సగం బొమ్మ పోతుంది. లీత్, ఉపాట్నీక్స్ చేసిన తరహా హోలోగ్రాము ఫలకం పగిలితే, ఒక్కొక్క ముక్కలోనూ బొమ్మంతా కనిపిస్తుంది. కాస్త మసకగా ఉంటుంది, ముక్క ఉన్న వైపు నుంచే చూడాలి, అంతే. బరంపురంలోనో, హోసూరులోనో, షోలాపురంలోనో, యానాంలోనో ఉన్న మన ఇళ్లు కూడా అలాంటి ముక్కలే. ముక్క ఎంత చిన్నదైతే బొమ్మ అంత మసక అన్నది కూడా నిజమే. అందుకే ఆదివారం తెలుగు తరగతికి పిల్లల్ని పంపండి. వాళ్లకు తమ పేరు ఇంటిపేరుతో మొదలుపెట్టి, తెలుగు అక్షరాల్లో రాయడం ముందుగా నేర్పండి.